క్రూడ్ (ముడిచమురు) వార్తను లారీ లెక్కలోకి దించడం ఎలా

టీవీ తెర కింద ‘భగ్గుమన్న చమురు’ అని ఎర్రటి అక్షరాలు పరుగెత్తిన రోజు మా ఆఫీసు ఫోనుకు విశ్రాంతి ఉండదు. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పద్దులు రాస్తాను. ట్రిప్ షీట్లు, డీజిల్ బిల్లులు, టోలు రసీదులు, డ్రైవర్ బత్తాలు అన్నీ నా బల్ల మీదికే వస్తాయి. “అక్కా, డీజిల్ పెరుగుతుందంటావా? ఢిల్లీ కిరాయి ఇప్పుడే ఒప్పుకోనా, రెండు రోజులు ఆగనా?” అని ఓనర్లు అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది. అందుకే నేను వార్తను ఎలా చదువుతానో, అందులోంచి లీటరు లెక్క ఎలా తీస్తానో ఇక్కడ రాసి పెడుతున్నాను. రేపటి ధర చెప్పే విద్య నా దగ్గర లేదు. ఆ విద్య ఉన్నవాళ్లు ఆటోనగర్‌లో ఉద్యోగం చేయరు. దేనికి భయపడాలి, దేన్ని వదిలేయాలి, కిరాయి కాగితంలో ఏం రాసుకోవాలి అన్నది తేల్చుకోవడానికి మాత్రం ఇది సరిపోతుంది.

మిలియన్లతో మొదలుపెట్టండి

చమురు వార్తల్లో అంకెలన్నీ ‘రోజుకు ఇన్ని మిలియన్ బ్యారెళ్లు’ అనే ఉంటాయి. ఆ మాట వినగానే ప్రతిదీ కొండంత అనిపిస్తుంది. దీన్ని లొంగదీయడం సులువు. ప్రపంచమంతా కలిసి రోజుకు వాడే చమురు 10 కోట్ల బ్యారెళ్లు దాటి కొంచెం పైన ఉంది. ఆ కొంచెం వదిలేసి 10 కోట్లనే గుర్తుపెట్టుకోండి. మిలియన్ అంటే 10 లక్షలు. కాబట్టి ఒక మిలియన్ బ్యారెళ్లు అన్నచోటల్లా ‘నూటికి ఒకటి’ అని చదువుకోవచ్చు. లక్ష బ్యారెళ్లు అంటే వెయ్యికి ఒకటి.

నేను ఇంకో అడుగు వేసి దాన్ని గడియారంలోకి మారుస్తాను. రోజుకు 1,440 నిమిషాలు. నూటికి ఒకటి అంటే ప్రపంచం దాదాపు పావుగంటలో తాగేసే చమురు. లక్ష బ్యారెళ్లంటే నిమిషంన్నర లోపే. ఇలా మార్చుకున్నాక ఏ వార్త ఎంత బరువో చేతికి తెలుస్తుంది.

మన ఊరి వార్త మీదే ప్రయోగించి చూడండి. 2024 జనవరి 7న కాకినాడ తీరానికి ఎదురుగా, లోతు సముద్రంలోని కేజీ బేసిన్ క్షేత్రం నుంచి ఓఎన్‌జీసీ తొలి చమురు తీసింది. పూర్తిస్థాయికి వస్తే రోజుకు 45,000 బ్యారెళ్లు తీయవచ్చని అంచనా కట్టారు. ఇక ఆంధ్రలో డీజిల్ కారుచవక అంటూ వాట్సాప్‌లో ఎన్ని సందేశాలు తిరిగాయో లెక్కలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. 45,000 బ్యారెళ్లంటే ప్రపంచానికి 40 సెకన్ల తాగుడు. మన దేశం రోజుకు సుమారు 55 లక్షల బ్యారెళ్లు వాడుతుంది. ఆ లెక్కన మనకు 12 నిమిషాలు.

దానివల్ల లాభం లేదని నేను అనను. బ్యారెల్ 80 డాలర్లనుకుంటే, పూర్తిస్థాయిలో ఏడాదికి 130 కోట్ల డాలర్ల దిగుమతి తప్పుతుంది. దేశానికి అది పెద్ద మొత్తమే. కానీ బంకు ధర దానితో కదలదు. కాకినాడ ఎదురుగా తీసిన చమురుకైనా రిఫైనరీ అంతర్జాతీయ ధరే కడుతుంది. మన పెరట్లో కాసిందని మనకు తగ్గించి ఇచ్చేవారు ఎవరూ ఉండరు.

మా అమ్మమ్మగారిది కోనసీమ. కొబ్బరి తోటల మధ్య గ్యాస్ మంటలు చూస్తూ పెరిగినవాళ్లకు కాళ్ల కిందే చమురు సముద్రం ఉందనిపించడం సహజం. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండాక ఆ నమ్మకం ఇంకా బలపడింది. ఇంత మంట మండితే లోపల ఎంత ఉండాలి అని మా పెద్దవాళ్లు నిజంగానే వాదించుకునేవారు. అంకెలు చూస్తే సంగతి వేరు. తాటిపాకలో ఓఎన్‌జీసీకి ఒక చిన్న రిఫైనరీ ఉంది. దాని సామర్థ్యం ఏడాదికి 66,000 టన్నులు. విశాఖ రిఫైనరీకి విస్తరణ తర్వాత సామర్థ్యం 150 లక్షల టన్నులు. తాటిపాక ఏడాదంతా శుద్ధి చేయగలిగింది విశాఖకు రెండు రోజుల పని కూడా కాదు. ఆ విశాఖ రిఫైనరీకి కావలసిన ముడిచమురులో చాలా భాగం ఓడల మీదే వస్తుంది, ఎందుకంటే దేశం మొత్తానికి కావలసిన దానిలో 85 శాతానికి పైగా దిగుమతే.

నేలలో ఉన్నది వేరు, ఓడ ఎక్కేది వేరు

గుంటూరు మిర్చి యార్డు తెలిసినవాళ్లకు చమురు సంగతి చెప్పడం తేలిక. పొలంలో ఎంత పైరు ఉందన్నది ఒక లెక్క, కోల్డ్ స్టోరేజీల్లో ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉన్నాయన్నది ఇంకో లెక్క, ఆ రోజు ఉదయం యార్డులోకి ఎన్ని టిక్కీలు దిగాయన్నది మూడో లెక్క. ధరను కదిలించేది ముందుగా మూడోది, తర్వాత రెండోది. మొదటిదాని గురించి మాట్లాడుకోవడమే ఎక్కువ. చమురులో కూడా నేలలోని నిక్షేపాలు, ట్యాంకుల్లోని నిల్వలు, బజారుకు వచ్చే సరుకు అని మూడు వేర్వేరు అంకెలు ఉంటాయి. వార్త రాసేవారు వీటిని కలగాపులగం చేస్తారు. మీరు చేయకండి.

నిక్షేపాల్లో ప్రపంచంలో మొదటి స్థానం వెనెజువెలాది. ప్రకటించిన లెక్క 30,000 కోట్ల బ్యారెళ్ల పైమాటే. అదే దేశం 2024లో రోజుకు తీసింది 10 లక్షల బ్యారెళ్లకు అటూ ఇటూ, అంటే నూటికి ఒకటి. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని. అక్కడి చమురు తారులా చిక్కగా ఉంటుంది, పలుచన చేసే సరుకు కలపనిదే పైపులో పారదు, ఏళ్ల తరబడి పెట్టుబడి లేక పరికరాలు పాడయ్యాయి, పైగా అప్పట్లో ఆంక్షలు. కాబట్టి ‘ఫలానా దేశంలో అపార నిక్షేపాలు’ అన్న వార్త చూస్తే పేజీ తిప్పేయండి.

చూడవలసింది ఏమిటంటే: తీసినదెంత, ఇంట్లో వాడుకున్నదెంత, మిగిలి ఓడ ఎక్కినదెంత. అమెరికా ప్రపంచంలో అందరికంటే ఎక్కువ తీస్తుంది, ముడిచమురే రోజుకు 1.3 కోట్ల బ్యారెళ్ల దాకా. కానీ అక్కడి వాడకం 2 కోట్ల బ్యారెళ్లు. చైనా రోజుకు 40 లక్షలకు పైగా తీసి కూడా కోటికి పైగా కొంటుంది. సౌదీ తీసేది అమెరికాతో పోలిస్తే తక్కువే, 2024లో సుమారు 90 లక్షలు. అయితే అందులో 60 లక్షలకు పైగా ఓడ ఎక్కుతుంది. అందుకే టెక్సాస్ బావి వార్త కంటే సౌదీ మంత్రి మాటకు బజారు ఎక్కువగా ఉలిక్కిపడుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. అవసరమైతే వాల్వు తిప్పి రెండు మూడు నెలల్లో అదనంగా తీయగల సత్తా ఉన్నది ప్రధానంగా సౌదీకి, యూఏఈకి మాత్రమే. మిగిలిన దేశాలు చాలావరకు తీయగలిగినదంతా తీసేస్తూనే ఉంటాయి.

నూటికి ఒకటి తగ్గితే ధర నూటికి పది ఎందుకు పెరుగుతుందని మా ఓనర్లలో ఒకాయన అడిగారు. మీ బండినే చూడండి. డీజిల్ రెండు రూపాయలు పెరిగిందని లోడు దించేసి ఇంటికి వెళతామా? ఈఎంఐ ఆగదు, డ్రైవర్ జీతం ఆగదు, బండి తిరగాల్సిందే. ప్రపంచంలో ఓడలు, విమానాలు, లారీలు అన్నీ ఇదే స్థితిలో ఉంటాయి. ఎవరూ వెనక్కి తగ్గనప్పుడు ఆ కాస్త కొరత ఎవరి మీద పడాలో తేలేదాకా ధర ఎగబాకుతుంది.

మాటా, దారా, బావా?

వార్త ఏదైనా సరే, నేను ముందు దాన్ని ఈ మూడింటిలో ఒక గంపలో వేస్తాను. మాట అంటే ప్రకటన. దారి అంటే చమురు ఉంది కానీ వెళ్లే మార్గం మారింది. బావి అంటే సరుకే ఆగింది. ధర మీద వీటి పట్టు ఒకేలా ఉండదు.

మాటల్లో అగ్రస్థానం ఒపెక్ కూటమిది. 1960లో బాగ్దాద్‌లో ఇరాన్, ఇరాక్, కువైట్, సౌదీ, వెనెజువెలా కలిసి పెట్టుకున్న సంఘం. 2016 చివర్లో రష్యా వంటి దేశాలూ కలవడంతో ఒపెక్ ప్లస్ అంటున్నారు. వీళ్లు కోటాలు ప్రకటిస్తారు. 2022 అక్టోబరులో రోజుకు 20 లక్షల బ్యారెళ్లు కోస్తున్నామన్నారు, అంటే నూటికి రెండు. శీర్షికలు అదిరిపోయాయి. కానీ సభ్య దేశాల్లో చాలావరకు అప్పటికే కోటా కంటే తక్కువ తీస్తున్నాయి. తీయని చమురును కోయడానికి ఏముంటుంది? నిజంగా తగ్గినది ఆ అంకెలో సగం, ఇంచుమించు. కాబట్టి కోత వార్త వస్తే, కోసేది కోటానా, ఉత్పత్తినా అని చూడండి. వార్తలో ఆ వాక్యం సాధారణంగా కింది నుంచి రెండో పేరాలో ఉంటుంది.

దారి వార్తలకు లారీవాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదు. దారి మళ్లితే సరుకు పోదు, ఖర్చూ రోజులూ పెరుగుతాయి. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారుల దాడుల వల్ల ఓడలు సూయజ్ కాలువ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. యూరప్‌కు వెళ్లే ఓడకు పది రోజులకు పైగా అదనం. ప్రపంచంలో చమురు తగ్గలేదు, అయినా ఓడ కిరాయిలు పెరిగాయి. అంతకు ముందు జరిగిన ఇంకా పెద్ద మళ్లింపు రష్యాది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్ రష్యా చమురు వద్దంది. 2022 డిసెంబరు 5 నుంచి ముడిచమురు మీద, 2023 ఫిబ్రవరి 5 నుంచి డీజిల్ వంటి ఉత్పత్తుల మీద నిషేధం పెట్టింది. ప్రపంచానికి ఆ చమురు లేకుండా పోతుందని చాలామంది భయపడ్డారు. అది పోలేదు, మన వైపు తిరిగింది. యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో నూటికి రెండు కూడా లేని రష్యా వాటా 2023కల్లా మూడో వంతు దాటింది. మన రిఫైనరీలు ఆ చమురును తగ్గింపు ధరకు కొని, శుద్ధి చేసి, డీజిల్‌ను యూరప్‌కు కూడా అమ్మాయి. వెనక్కి తిరిగి చూస్తే, 2022 మార్చిలో బ్రెంట్ (మనం చూడవలసిన ముడిచమురు ధర, దాని సంగతి కింద చెబుతాను) 139 డాలర్ల దాకా ఎగిరి ఏడాది చివరికి యుద్ధం ముందరి స్థాయికి దిగడానికి ఈ మళ్లింపు ఒక ముఖ్య కారణం.

బావి వార్తల్లో నేను ప్రతివాళ్లకీ చెప్పేది అబ్కైక్ సంగతి. 2019 సెప్టెంబరు 14న సౌదీలోని ఆ శుద్ధి కేంద్రం మీద దాడి జరిగి రోజుకు 57 లక్షల బ్యారెళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ప్రపంచ అవసరంలో నూటికి దాదాపు ఆరు, గడియారంలో గంటా ఇరవై నిమిషాలు. అంతకంటే పెద్ద బావి వార్త ఊహించడమే కష్టం. సోమవారం బజారు తెరవగానే బ్రెంట్ ఒక్కరోజులో 15 శాతం దాకా లేచింది. నెలాఖరుకల్లా పాత ధరకే వచ్చేసింది. సౌదీ తన ట్యాంకుల్లోని నిల్వలతో ఓడలు నింపి, మరమ్మతులు వేగంగా చేసుకుంది. అప్పుడు ప్రపంచంలో గిరాకీ కూడా అంత వేడిగా లేదు. కాబట్టి బావి ఆగిందన్న వార్తకు వెంటనే జోడించవలసిన ప్రశ్న: నిల్వలు ఎన్ని రోజులకు సరిపోతాయి, మరమ్మతుకు ఎన్ని రోజులు పడుతుంది?

లిబియాలో రెండు వర్గాల తగాదాతో క్షేత్రాలు మూతపడటం, నైజీరియాలో పైపులైన్లకు కన్నాలు, మెక్సికో గల్ఫ్‌లో తుపానులు తరచూ వచ్చేవే. నిమిషాల లెక్క వేసి చూసి వదిలేయండి. దక్షిణ అమెరికాలోని గయానా పేరు మాత్రం గుర్తుపెట్టుకోండి. 2019 డిసెంబరులో మొదలుపెట్టి 2024కల్లా రోజుకు 6 లక్షల బ్యారెళ్లు దాటింది. ఒపెక్‌తో సంబంధం లేని ఇటువంటి చమురు పెరిగే కొద్దీ కూటమి మాటకు పదును తగ్గుతుంది.

హొర్ముజ్ వార్తను విడిగా చదవండి

ఈ జలసంధి పై గంపల్లో దేనిలోనూ ఇమడదు. పేరుకు దారి, కానీ మళ్లించడానికి రెండో దారి సరిపడా లేదు, కాబట్టి నిజంగా ఆగితే అది బావి ఆగడమే. ఇరాన్‌కు, ఒమన్‌కు మధ్య అత్యంత ఇరుకైన చోట వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు. అందులో పెద్ద ట్యాంకర్లు నడిచే బాట ఒక్కో వైపు మూడు కిలోమీటర్ల చొప్పునే. 2024 లెక్క ప్రకారం ఆ ఇరుకులోంచి రోజుకు 2 కోట్ల బ్యారెళ్లు పోయాయి. ప్రపంచ వాడకంలో ఐదో వంతు. అందులో ఐదింట నాలుగు వంతులకు పైగా ఆసియాకే వస్తుంది, అంటే మనకు, చైనాకు, జపాన్‌కు, కొరియాకు. ఖతర్ ద్రవీకృత గ్యాస్ కూడా ఈ దారినే. సౌదీకి ఎర్ర సముద్రం ఒడ్డునున్న యాన్‌బు దాకా, యూఏఈకి ఫుజైరా దాకా పైపులైన్లు ఉన్నాయి. రెండూ పూర్తిగా పనిచేసినా ఆ 2 కోట్లలో సగం మోయలేవు.

ఇక్కడి నుంచి బెదిరింపు వార్త వచ్చినప్పుడు నేను ప్రకటనలు చదవడం మానేసి రెండు విషయాలు వెతుకుతాను: ట్యాంకర్లు కదులుతున్నాయా, వాటి యుద్ధ బీమా ఎంత పెరిగింది. ఓడ యజమాని, బీమా కంపెనీ తమ సొంత డబ్బు పెట్టేవాళ్లు. వాళ్లు వెనకాడారంటే సంగతి గట్టిదే. గల్ఫ్ నుంచి మన పశ్చిమ తీరానికి ఓడ వారం లోపు వస్తుంది కాబట్టి అక్కడ ఆగితే మనకు త్వరగా తగులుతుంది. అమెరికా నుంచి తెప్పించుకుందామంటే నెల దాటుతుంది. విశాఖ దగ్గర కొండ తొలిచిన గుహల్లో అత్యవసర నిల్వ ఉంది కదా అంటారు. నిండుగా ఉన్నా అది 13.3 లక్షల టన్నులు, సుమారు 98 లక్షల బ్యారెళ్లు. దేశం మొత్తానికి రెండు రోజులు రాదు. మంగళూరు, పాదూరు గుహలు కలిపితే ఇంకొన్ని రోజులు.

ఏ ధర చూడాలి

టీవీలో రెండు ధరలు వినిపిస్తాయి. డబ్ల్యూటీఐ అమెరికాది, ఓక్లహామాలోని కుషింగ్ ట్యాంకుల దగ్గర ఇచ్చిపుచ్చుకునే సరుకు. బ్రెంట్ ఉత్తర సముద్రానిది, ఓడ ఎక్కే సరుకు. మనకు పనికొచ్చేది బ్రెంట్. దానికంటే మేలైనది పెట్రోలియం మంత్రిత్వ శాఖ కింద ఉన్న పీపీఏసీ ప్రకటించే ఇండియన్ బాస్కెట్. మనం కొనే రకాల నిష్పత్తిలో కట్టిన సగటు అది. ఎక్కువ పాలు ఒమన్, దుబాయ్ రకాలు, తక్కువ పాలు బ్రెంట్.

ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో 2020 ఏప్రిల్ 20న దేశమంతా చూసింది. ఆ రోజు డబ్ల్యూటీఐ మైనస్ 37.63 డాలర్లకు పడింది. కొనేవాడికే ఎదురు డబ్బు! డీజిల్ ఊరికే పోస్తారా అని నవ్వుతూ అడిగినవాళ్లు ఉన్నారు. కరోనాతో వాడకం పడిపోయి కుషింగ్‌లో ట్యాంకులు నిండిపోయే దశకు వచ్చాయి. ఆ నెల కాంట్రాక్టు (ముందే కుదుర్చుకున్న కొనుగోలు ఒప్పందం) పట్టుకున్నవాడు సరుకు దించుకోవాలి, దించుకునే చోటు లేదు. అదే రోజు బ్రెంట్ ఇరవై డాలర్లకు పైనే ఉంది, ఎందుకంటే ఓడ ఎక్కే సరుకును ఎక్కడికైనా పంపవచ్చు.

మన బంకు మీద దాని ప్రభావం? తగ్గకపోగా, ఆ ఏడాది మార్చిలో 3 రూపాయలు, మేలో డీజిల్ మీద ఇంకో 13 రూపాయలు కేంద్రం ఎక్సైజు పెంచింది. ముడిచమురు తగ్గితే వచ్చే లాభం మన దాకా రాదు, పెరిగితే మాత్రం వస్తుంది అని ఆటోనగర్‌లో ఒక సామెతలా చెప్పుకుంటారు. పూర్తిగా నిజం కాదు. 2021 నవంబరులో డీజిల్ మీద 10, 2022 మేలో 6 రూపాయలు ఎక్సైజు తగ్గించారు కూడా.

డాలరు నుంచి లీటరుకు

ఇదే అసలు పని. ఒక బ్యారెల్ అంటే 159 లీటర్లు. డాలరు విలువ ఎన్ని రూపాయలో దాన్ని 159తో భాగించండి. డాలరు 85 అనుకుంటే 53 పైసలు వస్తుంది. బ్యారెల్ ధర ఒక డాలరు మారితే లీటరు మీద పడే అసలు బరువు అది. పది డాలర్లు పెరిగితే 5 రూపాయల 30 పైసలు. కేంద్ర ఎక్సైజు లీటరుకు ఇంత అని స్థిరంగా ఉంటుంది, ధరతో కదలదు. రాష్ట్ర వ్యాట్ శాతం కాబట్టి కదులుతుంది. మన దగ్గర కొన్నేళ్లుగా డీజిల్ మీద 22.25 శాతం, ఆపైన లీటరుకు 4 రూపాయలు, ఇంకా రోడ్డు సెస్ ఒక రూపాయి. ఆ శాతం కలిపితే 5.30 కాస్తా దాదాపు ఆరున్నర అవుతుంది.

గుంటూరు నుంచి ఢిల్లీకి మిర్చి లోడు దగ్గర దగ్గర 1,800 కిలోమీటర్లు. లోడు మీద బండి లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తే 450 లీటర్లు. ఆరున్నర చొప్పున ఒక వైపుకే 2,900 రూపాయల పైన. బ్రోకరు కమిషను, టోలు, బత్తా పోయాక ఆ ట్రిప్పులో ఎంత మిగులుతుందో మీకు తెలుసు.

రూపాయి సంగతి చాలామంది మరిచిపోతారు. బ్యారెల్ 80 డాలర్ల దగ్గర కదలకుండా ఉన్నా, డాలరు 85 నుంచి 87కు పోతే లీటరు మీద రూపాయి బరువు పడుతుంది. చమురు వార్త ఏమీ లేని రోజున కూడా పేపర్లో డాలరు విలువ చూడమనేది అందుకే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ లెక్క చెప్పేది పడవలసిన బరువు. బంకు దగ్గర పడే రోజు వేరు. డీజిల్ ధరను 2014 అక్టోబరులో బజారుకు వదిలేశారు, 2017 జూన్ 16 నుంచి రోజూ మార్చే పద్ధతి వచ్చింది. కాగితం మీద అంతే. 2021 నవంబరు 4 తర్వాత నాలుగున్నర నెలలు ధర కదల్లేదు. ఆ మధ్యలో బ్రెంట్ 80 నుంచి 139 దాకా వెళ్లింది, అయిదు రాష్ట్రాల ఎన్నికలూ జరిగాయి. 2022 మార్చి 22న మొదలుపెట్టి పదహారు రోజుల్లో పది రూపాయలు పెంచారు. ఆ తర్వాత మళ్లీ నెలల తరబడి నిశ్చలం.

ఆపి ఉంచిన ధరను గుర్తుపట్టడానికి నా దగ్గరున్న నమ్మకమైన కొలత బల్క్ రేటు. ఫ్యాక్టరీలకు, ఆర్టీసీలకు నేరుగా ట్యాంకర్లలో పోసే డీజిల్ ధర అది. దాన్ని ఎవరూ అదిమిపట్టరు. మామూలు రోజుల్లో బంకు ధరకు దగ్గరగా ఉంటుంది. 2022 మార్చిలో బల్క్ ధర ఒక్కసారిగా లీటరుకు 25 రూపాయల దాకా పెరిగింది. ఆర్టీసీ బస్సులు కూడా బయటి బంకుల్లో పట్టించుకున్నాయి. బల్క్ రేటు బంకు రేటు కంటే బాగా ఎక్కువైతే, బంకు ధర వెనక కట్ట నిండుతోందని అర్థం. తెలిసిన ఫ్యాక్టరీ స్టోర్స్ మనిషిని అడిగితే రెండు నిమిషాల్లో చెబుతారు. ప్రైవేటు బంకులు రేటు పెంచడమో, సరుకు తగ్గించడమో చేస్తుంటే అదీ అటువంటి సూచనే.

ఇంకో ముఖ్యమైన విషయం, డీజిల్ ఎప్పుడూ ముడిచమురు వెంటే నడవదు. 2022 వేసవిలో రష్యా డీజిల్ దొరకదన్న భయంతో యూరప్ ఎగబడటంతో, ముడిచమురు కంటే డీజిల్ వేగంగా పెరిగింది. వార్తలో ‘క్రాక్’ అన్న మాట కనిపిస్తే అది ముడిచమురుకు, డీజిల్‌కు మధ్య తేడా. అది పెరుగుతుంటే ముడిచమురు తగ్గిందని సంతోషపడకండి.

ఎప్పుడు చూడాలి

రోజూ చూస్తే పిచ్చెక్కుతుంది. అమెరికా ఇంధన శాఖ వారపు నిల్వల లెక్క మామూలుగా బుధవారం మన రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో వస్తుంది. ఒపెక్ నివేదిక, పారిస్‌లోని అంతర్జాతీయ ఇంధన సంస్థ నివేదిక నెలకొకసారి, నెల మధ్య ప్రాంతంలో వస్తాయి. ఈ రెండు నివేదికలు గిరాకీ అంచనాలో ఏకీభవించవు; ఒపెక్ అమ్మేవాళ్ల సంఘం, రెండోది కొనేవాళ్ల కోసం 1974లో పెట్టింది. రెంటి మధ్యలో నిజం ఉందనుకుని ముందుకు పోతాను. గిరాకీ వైపు చైనాను గమనిస్తే చాలావరకు పని అయిపోతుంది.

మన సొంత కాలాలు కూడా చూసుకోవాలి. వానాకాలంలో దేశంలో డీజిల్ వాడకం తగ్గుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా గుంటూరు యార్డు నిండి బండ్లకు గిరాకీ ఉంటుంది. డీజిల్ క్లాజు (డీజిల్ ధర మారితే కిరాయి సర్దుబాటు చేయాలన్న షరతు) అడగడానికి మంచి సమయం అది. సీజను అయిపోయి బండ్లు ఖాళీగా నిలబడ్డాక ఏ వ్యాపారీ వినడు.

కిరాయి కాగితంలో ఏం రాయాలి

ఒక్క ట్రిప్పుకైతే ఏమీ అక్కరలేదు. నెలల తరబడి ఒకే రూటు ఒప్పుకుంటే మాత్రం క్లాజు లేకుండా సంతకం పెట్టకండి. నేను రాసేది ఇంతే: “ఈ కిరాయి ఫలానా తేదీన విజయవాడలో లీటరు డీజిల్ ధర ఇంత అన్న లెక్క మీద కుదిరింది. ధర 2 రూపాయలకు మించి పెరిగినా, తగ్గినా, ఆ పైన ఉన్న తేడాను ట్రిప్పుకు 450 లీటర్ల చొప్పున కట్టి సర్దుబాటు చేసుకోవాలి.” తగ్గినా అన్న మాట తప్పనిసరి. మనకు మాత్రమే అనుకూలంగా రాస్తే మిర్చి వ్యాపారి చదవకుండానే కాగితం వెనక్కి తోస్తాడు. లీటర్ల సంఖ్య ముందే రాసేయాలి, లేకపోతే మైలేజీ మీద ప్రతి నెలా వాదనే. ఎన్ని రోజులకోసారి సర్దుబాటు అన్నదీ రాయండి. నేను పదిహేను రోజులు పెడతాను.

ఊరు పేరు కూడా రాయడం మరవకండి. కర్ణాటకలో డీజిల్ మన కంటే చవక కాబట్టి బళ్లారి వైపు వెళ్లే బండ్లు అక్కడే ట్యాంకు నింపుకుంటాయి. ఊరు రాయకపోతే వ్యాపారి కర్ణాటక బిల్లు చూపించమంటాడు, ఓనరు విజయవాడ బిల్లు చూపిస్తాడు, పంచాయితీ నా బల్ల దగ్గరికి వస్తుంది.

సంతకం రోజు బంకు బిల్లు ఒకటి కాగితానికి జత చేయండి. బంకులో ఇచ్చేది థర్మల్ కాగితం. డాష్‌బోర్డు మీద ఎండ తగిలితే కొన్ని వారాల్లో అంకెలు మాసిపోతాయి. పిన్ను కొట్టే ముందే జిరాక్సు తీసి, ఇద్దరి చేతా దాని మీద కూడా సంతకం పెట్టించుకోండి.